ఇరవై ఏడో ఇంటి గురువారం

గురువారం మధ్యాహ్నం నేను ఎప్పుడూ పాఠం చెప్పలేదు. మూడు దేశాల్లో ఉద్యోగం చేశాను. ఎక్కడ చేరినా, టైం టేబుల్ వేసే మనిషిని ముందే కలిసి ఆ ఒక్క పూట వదిలేయమని అడిగేవాణ్ణి. ఎందుకని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. మా బంధువులు మాత్రం నేను బాబా భక్తుణ్ణనీ, గురువారం ఒంటిపూట ఉంటాననీ తీర్మానించుకున్నారు. సెలవుల్లో హైదరాబాద్ వస్తే గుడి నుంచి ప్రసాదం తెచ్చి చేతిలో పెట్టేవాళ్లు. కళ్లకద్దుకుని తినేవాణ్ణి.

నిజమేమిటంటే, గురువారం మూడు గంటలైతే నేను కూర్చోలేను. కూర్చుంటే ఎదురుగా ఒక గడప కనిపిస్తుంది. గడప మీద ఒకామె, ఒళ్లో బోర్లించిన బియ్యం గిన్నె. మొహం స్పష్టంగా ఉండదు. నేను వస్తున్నానేమోనని గల్లీ మొదటివైపు చూస్తూ ఉంటుంది.

నేను ఆర్థికశాస్త్రం చదువుకున్నవాణ్ణి. ప్రభుత్వాలు తిండిగింజలు ఎలా పంచాలి, ఎవరికి పంచాలి, ఎప్పుడు ఆపవచ్చు అన్నది నా విషయం. బతుకంతా దాని మీదే గడిచింది. చదువుతోపాటు నాకున్న ఇంకో అలవాటు డైరీ. పదమూడో ఏట మొదలుపెట్టాను. రోజుకి నాలుగు వరసలు: ఎండావానా, చేసిన పని, కలిసిన మనుషులు, తిన్నది. ఆ రోజు రాయాల్సింది ఆ రోజే రాయాలి, మర్నాడు ఒక్క అక్షరం కూడా కలపకూడదు. ఈ నియమం నాకు నేను పెట్టుకున్నదే. డైరీలన్నీ ఇనప్పెట్టెలో వరసగా ఉన్నాయి. అదే పెట్టెలో అడుగున ఒక పాత స్ప్రింగు త్రాసు, నలభై ఇళ్ల సర్వే కాగితాల కట్ట ఉన్నాయి.

నాకు పేరు తెచ్చింది ఆ కట్టే.

మా నాన్నగారు రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆఫీసుతోపాటు కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా. నాంపల్లి స్టేషన్ దగ్గర రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నేను ఎం.ఏ. అయ్యాక పరిశోధనలో చేరాను. మా ప్రొఫెసరుగారు దూరం పంపకుండా, మా ఇంటి వెనక గల్లీనే నాకు అప్పగించారు. స్టేషన్ గోడ పక్కన మొదలై చివరికి మురికి కాలవ దాకా పోయే గల్లీ అది. లోపలికి పోయేకొద్దీ ఇళ్లు చిన్నవవుతాయి. వారానికొకసారి, గురువారం, నలభై ఇళ్లకీ వెళ్లాలి. వండబోయే బియ్యం త్రాసుకి తగిలించి తూయాలి. తూకం, వెళ్లిన టైము కాగితం మీద వేయాలి. ఇళ్లకి నంబర్లు నేనే వేశాను, ద్వారబంధం మీద ఎర్రమట్టితో. పండగకి సున్నం వేసినా ఆ అంకె మీద వేయకుండా వదిలేసేవాళ్లు.

ఇరవై ఏడో ఇల్లు కాలవ వైపు, ఆ వరసలో చివరిది. ఆమె మొజంజాహీ మార్కెట్లో పళ్లు ఏరే పనికి పోయేది. మచ్చలున్నవి ఒక బుట్టలో, లేనివి ఒక బుట్టలో వేయడం. భర్త గౌలిగూడ బస్టాండులో మూటలు మోసేవాడు. మొదటివారమే నన్ను నిలబెట్టి అడిగింది.

"గీ తూకం ఎందుకు సారూ? మా బియ్యం నువ్వు దింటవా ఏంది?"

"లేదమ్మా. మీరు ఎంత తింటున్నారో రాసి పంపిస్తాం."

"ఏడికి?"

నేనప్పుడు ఇరవైమూడేళ్లవాణ్ణి. "ఢిల్లీ దాకా పోతుందమ్మా" అన్నాను.

"అబ్బో. మా గిన్నె ఢిల్లీ సూస్తది గని మేం సూడం" అని నవ్వింది. ఆ తర్వాత ఏ గురువారమూ నాకోసం వెతుక్కునే పని పెట్టలేదు. గిన్నె తుడిచి, బియ్యం పోసి, గడప మీద పెట్టుకుని ఉండేది. పని నుంచి ఆ కాసేపటికి పరిగెత్తుకొచ్చి, తూకమయ్యాక మళ్లీ పరిగెత్తుకుపోయేది.

పదకొండో వారం రేషన్ షాపు మూతపడింది. సరుకు రాలేదన్నారు. వారమంతా తలుపు తీయలేదు. ప్రొఫెసరుగారు నన్ను పిలిపించి, తలుపు వేసి మరీ చెప్పారు. "ఇలాంటి వారం కావాలన్నా దొరకదు. షాపు లేకపోతే ఈ మనుషులు పస్తుంటారా, సర్దుకుంటారా? ఇన్నాళ్లూ అందరూ వాదించుకున్నారే తప్ప చూసినవాడు లేడు. నువ్వు చూడబోతున్నావు. ఒక్క ఇల్లు కూడా వదలకు."

ఆ గురువారం పొద్దున్న ముప్పైమూడు ఇళ్లు చేశాను. ముందు మొదటి ఇరవై. తర్వాత గల్లీకి అటుపక్క వరస, ఇరవై ఎనిమిది నుంచి నలభై దాకా. అవి రైల్వే నౌకర్ల ఇళ్లు, కాస్త ఉన్నవాళ్లు. తూకాలు కొంచెం తగ్గాయి గాని పెద్దగా కాదు. మిగిలినవి కాలవ వైపు ఏడు, ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడు. మధ్యాహ్నం చేయాల్సినవి.

మధ్యాహ్నం నేను మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తింటున్నాను.

అంతకు పది రోజుల ముందు ఖైరతాబాద్‌లో ఒక ఇంట్లో పెళ్లిచూపులయ్యాయి. ఆ అమ్మాయి తన స్నేహితురాలి ద్వారా చీటీ పంపింది. పుస్తకాలు కొనే నెపంతో గురువారం అబిడ్స్ వస్తున్నాననీ, రెండున్నరకి మార్కెట్ దగ్గర ఉంటాననీ, ఒక మాట అడగాలనీ. రాలేనని చెప్పడానికి ఆ రోజుల్లో దారి లేదు. అరగంటలో వచ్చేయవచ్చనుకున్నాను. త్రాసు కూడా సంచిలో పెట్టుకునే వెళ్లాను.

అప్పటి నా డైరీ పేజీ నాకు కంఠతా వచ్చు. దానికి కారణం మా ఆవిడ. ప్రతి పెళ్లిరోజుకీ పెట్టె తీయించి ఆ పేజీ పైకి చదువుతుంది. అందులో ఇలా ఉంది. "ఎండ తగ్గింది. రెండున్నరకి మార్కెట్. ఆమె వచ్చింది. మీరు డైరీ రాస్తారటగా, అందులో నిజమే రాస్తారా అని అడిగింది. నిజమే రాస్తానన్నాను. అయితే మా నాన్నకి సరేనని చెబుతాను అంది. దీపాలు పెట్టే వేళకి ఖైరతాబాద్ బస్సెక్కించాను. ఇంటికొచ్చి మిగిలిన కాగితాలు పూర్తి చేశాను. తిన్నది: సీతాఫలం ఐస్‌క్రీం, రెండు కప్పులు."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. మిగిలిన కాగితాలు నిజంగానే పూర్తి చేశాను. ముందువారం తూకాలు చూసి, పొద్దుటి ఇళ్లలో ఎంత తగ్గిందో అంతే తగ్గించి, ఒకచోట ఒక పిడికెడు పెంచి, ఒకచోట తగ్గించి, ఏడు గళ్లూ నింపాను. టైము కూడా వేశాను. ఇరవై ఒకటో ఇల్లు మూడుంబావు. ఇరవై ఏడో ఇల్లు నాలుగున్నర. మర్నాడు పొద్దున్నే ప్రొఫెసరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన కాగితాలు తిరగేస్తూ, "సర్దుకున్నారన్నమాట" అన్నారు. ఆయన గొంతులో సంతోషం నాకిప్పటికీ వినబడుతుంది.

తర్వాతి గురువారం ఇరవై ఏడో ఇంటికి వెళ్లాను. షాపు తెరిచారు. గిన్నెలో బియ్యం ఉన్నాయి. తూస్తుంటే అడిగింది.

"పోయిన బేస్తారం రాలేదేంది సారూ?"

"ఆ గురువారం వేరే పని పడిందమ్మా."

"ఇంట్ల గింజ లేకుండె ఆ దినం. నువ్వొస్తవు, ఉత్త గిన్నె తూస్తవు, సున్నా రాసుకుంటవని పనికి గూడ పోలే. దీపాలు పెట్టేదాంక గీ గడపల్నే కూసున్న." చెయ్యి చాచి నా కాగితం చూపించింది. "ఇప్పుడు రాసుకో. గీడ జాగ ఉన్నది గదా."

"ఇప్పుడు రాయకూడదమ్మా. ఆ వారం కాగితాలు ఇచ్చేశాను."

"గట్లనా." కాసేపు గిన్నెలోకి చూసింది. "అయితే అది పోయినట్టే. పోనీ తీ సారూ, నీకు గూడ పనులుంటయి గదా."

తిట్టినా బాగుండేది. మిగతా ఆరిళ్ల సంగతి నేను అడగలేదు. అడిగితే తెలుస్తుందని భయం.

ఆ రోజు డైరీలో చివర "27 అడిగింది. రేపు సార్‌కి చెప్పాలి" అని ఉంటుంది. మర్నాడు "చెప్పలేదు" అని ఉంటుంది. ఆ మర్నాడూ అంతే. పంతొమ్మిది రోజులు అదే మాట రాశాను. ఇరవయ్యో రోజు పేజీలో ఆ మాట లేదు.

ఆ సర్వే మీద వచ్చిన వ్యాసం నన్ను సముద్రాలు దాటించింది. షాపు మూసిన వారంలో కూడా పేదలు ఏదో రకంగా సర్దుకున్నారన్నది దాని సారాంశం. పై చదువుకి విదేశీ విశ్వవిద్యాలయం పిలిచింది, తర్వాత ఉద్యోగమిచ్చింది. అంతర్జాతీయ సంస్థలు సలహాలకి పిలిచాయి. రేషన్ షాపులు తగ్గించుకోదలచిన ప్రభుత్వాలకి నా వ్యాసం చేతికర్రలా పనికొచ్చింది. ఒక చిన్న దేశంలో, మంత్రుల సమావేశంలో, మూలన కూర్చున్న ఒక ముసలి అధికారి అడిగాడు. "మీరు చూసినవాళ్లలో, ఆ వారం అసలేమీ లేని ఇల్లు ఒక్కటి కూడా లేదా?" నేను "మా పరిశీలనలో లేదు" అన్నాను. మా పరిశీలనలో అన్న మాట జాగ్రత్తగా ఎంచుకుని అన్నాను. ఆ సాయంత్రం డైరీలో "చేసిన పని" వరసలో అదొక్కటే రాశాను. ఆ రోజు గురువారం కాదు. అయినా ఆ అధికారి వెనక, తలుపు దగ్గర, ఆమె కూర్చుని ఉంది. ఆ తర్వాత గురువారాలతో ఆగలేదు. విమానాశ్రయాల్లో, పరీక్ష హాళ్లలో, నాకు శాలువా కప్పిన ఒక సభలో ముందు వరస చివరి కుర్చీ దగ్గర నేల మీద.

రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చేశాం. మా ఆవిడ ఖైరతాబాద్‌లో తన అక్కచెల్లెళ్ల దగ్గర ఉందామంది. నేను పట్టుబట్టి అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక ఫ్లాట్ తీసుకున్నాను. మందుల షాపులు దగ్గరన్నాను, పాత పుస్తకాలు దగ్గరన్నాను. ఆ గల్లీకి పావుగంట నడక. ఆరేళ్లలో స్టేషన్ గోడ దాకా వెళ్లి వెనక్కి తిరిగిన రోజులు డైరీలో చాలా ఉన్నాయి. లోపలికి వెళ్లిన రోజు లేదు.

ఈ ఏడాది చలి మొదలయ్యే ముందు ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఊళ్లోనే ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. మెదక్ వైపు మిషన్ స్కూలు టీచర్ల కుటుంబం. నా పాత గల్లీలోనే మళ్లీ సర్వే చేస్తోందట. అసలు కాగితాలు చూడాలంది. రమ్మన్నాను. అవి దాచింది ఎవరైనా అడుగుతారని. ఎవరూ అడగకూడదని కూడా.

వరసగా నాలుగు రోజులు వచ్చింది. నేల మీద కూర్చుని, ఒక్కో కాగితం తీసి ఫొటో తీసుకునేది. మా ఆవిడ ఆమెకి ఉప్మా పెట్టడం, ఆమె వద్దనడం, చివరికి తినడం.

"థాంక్స్ ఆంటీ."

"ఆంటీ ఏంటమ్మా, నా మనవరాలు నీకన్నా పెద్దది. అమ్మమ్మా అను."

"మా అమ్మమ్మ వింటే ఊకోదు. ఆమె జాగా ఆమెకే ఉండాలె."

"అయితే మీ అమ్మమ్మని కూడా తీసుకురా. ఉప్మా ఇద్దరికీ పెడతాను."

నాలుగో రోజు పదకొండో వారం కట్ట విప్పింది. నేను కుర్చీలో ఉన్నాను. ఆమె తలెత్తకుండా అడిగింది. "సార్, డైరీలు కూడా ఉన్నాయన్నరు. ఈ వారంది ఒక్కటి చూడొచ్చా? పని ఎట్లా చేసేవారో రాస్తున్న."

వెతకాలి అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచే అంది. "వెతకడమెందుకండీ, నాకు తెలుసుగా. నీలం అట్ట." చేతులు తుడుచుకుంటూ వచ్చి, పెట్టె తీసి, అలవాటైన చేతితో సరిగ్గా ఆ పేజీ విప్పి ఆ అమ్మాయి ఒళ్లో పెట్టింది. "మిగతావన్నీ తర్వాత చదువుదువు గాని, ముందు ఇది చదువు. మా పెళ్లి కుదిరింది ఈ పేజీలోనే."

ఆ అమ్మాయి చదివింది. నవ్వింది కూడా, రెండు కప్పుల దగ్గర.

"రెండున్నరకే వెళ్లిన్రా ఆంటీ మార్కెట్‌కి?"

"రెండున్నర. ఈయన నాకన్నా ముందే వచ్చి నించున్నారు, చంకలో సంచి, అందులో ఏదో ఇనప త్రాసు. కూరగాయలు కొనడానికొచ్చారేమో అనుకున్నాను. దీపాలు పెట్టేదాకా కదిలితేనా."

ఆ అమ్మాయి నవ్వు మొహం మీద అలాగే కాసేపు ఉండి, మెల్లగా పోయింది. ఆమె మోకాలి పక్కన ఇరవై ఏడో ఇంటి కాగితం ఉంది. నాలుగున్నర అని నా చేతిరాత. ఆమె దాని వైపు చూసింది, పేజీ వైపు చూసింది. నా వైపు చూడలేదు. డైరీ మూసి రెండు చేతులతో మా ఆవిడకి ఇచ్చింది. తొందరగా వెళ్లాలంది.

మర్నాడు ఫోన్ చేసింది. "సార్, డైరీ పేజీ నేను ఫొటో తీసుకోలే. ఆ ఏడు ఇళ్లు లేకుంటే, అన్నిటికన్నా పేదోళ్ల ఇళ్లు అవే కాబట్టి, వ్యాసం నిలబడదు సార్. నేను లెక్క వేసి చూసిన. ఏం చేయమంటరో మీరే చెప్పండి." గొంతులో కోపం లేదు. పరీక్ష ఫలితం చెప్పడానికి భయపడుతున్న టీచరు గొంతులా ఉంది.

నాకు డెబ్బై ఆరేళ్లు. ఊరుకుంటే ఆ అమ్మాయి కూడా ఊరుకుంటుందని అర్థమైంది. నాలా ఆమెకీ ఒక కాగితం మిగిలిపోతుంది. ముందు మా ఆవిడకి చెప్పాలి. ఆ పేజీ ఆమెది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పాను. మొదటి నుంచీ, టైములతో సహా. ఆమె కంచాలు తీయలేదు. ఎండిపోతున్న చేత్తో అలాగే కూర్చుంది.

"ఆవిడ ఎప్పటిదాకా కూర్చుందన్నారు?"

"దీపాలు పెట్టేదాకా."

"నన్ను బస్సెక్కించేదాకా అన్నమాట." గ్లాసు పక్కకి జరిపింది. "నేను రెండో కప్పు వద్దన్నాను. మీరే తెప్పించారు."

"అవును."

"ఇన్నేళ్లూ నేను చదువుతుంటే పక్కన కూర్చుని విన్నారు."

"విన్నాను."

"ఇప్పుడెందుకు చెప్పారు? ఆ పిల్ల చూసిందనా?"

అదీ నిజమే మరి. ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. సాయంత్రం టీ ఇస్తూ, "ఆ పుస్తకం ఆ అమ్మాయికి ఇచ్చేయండి. ఇంట్లో వద్దు" అంది.

ఆ అమ్మాయికి ఇరవై ఏడో ఇంటామె నాతో అన్న మాటలన్నీ చెప్పి, గురువారం ఇద్దరం కలిసి గల్లీకి వెళ్లాం. మూడు గంటలకి. మెట్రో స్తంభాల నీడ దాటి, సెల్‌ఫోన్ షాపుల మధ్య నుంచి లోపలికి తిరిగాం. ముందున్న ఇళ్లు లాడ్జీలయ్యాయి. కాలవ మీద సిమెంటు పలకలు పరిచారు. ఇరవై ఏడో ఇల్లు ఉండాల్సిన చోట ఒక లాడ్జి వెనక గోడ, గోడకి ఆనించి నీళ్ల ట్యాంకు ఉన్నాయి. ఆ అమ్మాయి రెండు మూడు చోట్ల అడిగింది. ఆ ఇంటామె పేరు నేను కాగితం మీద రాయలేదు, నంబరే రాశాను. నంబరుతో ఎవర్నని అడగడం. అక్కడ కుర్చీ వేసుకున్న ఒక ముసలాయన, "కాల్వ ఇండ్లోల్లా? ఎప్పుడో పోయిన్రు" అన్నాడు. ఎక్కడికో ఆయనకి తెలియదు.

నీలం అట్ట డైరీ ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. పత్రికకి నేనే ఉత్తరం రాస్తానన్నాను. తర్వాత రాశాను కూడా. చాలా పాత విషయం, అప్పటి సంపాదకులెవరూ లేరు, తగిన చోట నమోదు చేస్తామని మర్యాదగా జవాబు వచ్చింది.

ఆ రోజు గోడ దగ్గర నిలబడి ఆ అమ్మాయి తన ట్యాబ్ తెరిచింది. నా పాత పట్టికంతా అందులో ఎక్కించుకుంది. పదకొండో వారం, ఇరవై ఏడో గడి. వేలు దాని మీద పెట్టి అడిగింది.

"ఈ తూకం తీసేస్తున్న సార్. ఆమె చెప్పిందే రాద్దామా? సున్నా?"

ఇరవై ఏడో ఇంటామె కోరుకున్నది అదే. దానికోసమే ఒక రోజు కూలి వదులుకుని గడప మీద కూర్చుంది. అయినా, సున్నా కూడా ఒక తూకమే. ఉత్త గిన్నెని త్రాసుకి తగిలించి, ముల్లు గిన్నె బరువు దాటకపోవడం కళ్లతో చూసినవాడే అది వేయాలి.

"వద్దమ్మా" అన్నాను. "వెళ్లలేదు అని రాయి."

"ఏడు ఇళ్లకీనా?"

"ఏడింటికీ."

ఆ అమ్మాయి ఒక్కో గడిలో రాస్తూ పోయింది. నేను ట్యాంకు గోడని పట్టుకుని నిలబడ్డాను. చివరి గడి రాయడం అయ్యాక, పోదామా సార్ అంది. నువ్వు వెళ్లు, నేను కాసేపుంటాను అన్నాను. దీపాలు పెట్టేదాకా ఉన్నాను.